ముందు నలుగురు, తర్వాతే ధైర్యం



ఈ పేజీలో మనం ఎప్పుడూ యూనిట్ టెస్టుల గురించి, పిల్లల ఫోన్ వాడకం గురించి, లంచ్ బాక్సుల గురించి చదువుతుంటాం. ఈ నెల నేను రాస్తున్నది వాటి గురించి కాదు. అయినా ఇది పిల్లల చదువుకి సంబంధించిన విషయమే. దయచేసి చివరిదాకా చదవండి.

నేను జొన్నాడ నుంచి రాస్తున్నాను. మా పాప ఏడో తరగతి. సాయంత్రం గేటు దగ్గర మీలో కొందరు నన్ను చూసే ఉంటారు. ఈ వ్యాసానికి నా పేరు వేయవద్దని కోరాను. సిగ్గుపడి కాదు. ఇది పాప కథ కూడా. దాన్ని ఎప్పుడు, ఎవరికి చెప్పుకోవాలో పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలి.

ఐదేళ్ల క్రితం వరకు మేం వేరే ఊళ్లో ఉండేవాళ్లం. అపార్ట్‌మెంట్, మంచి ఉద్యోగం, పండగలకి కొత్త బట్టలు, బయటి నుంచి చూసేవాళ్లకి ఏ లోటూ కనిపించని ఇల్లు. ఆయనకి తాగుడు అలవాటు లేదు. చదువుకున్న మనిషి. కొట్టేవారు.

రాత్రిళ్లు కింద పార్కింగ్‌లో బండి స్టాండు వేసే చప్పుడు వినబడగానే మా పాప పుస్తకం మూసేసేది. స్టాండు మెల్లగా పడితే ఫర్వాలేదు. గట్టిగా తన్ని వేస్తే ఆ రాత్రి ఎలా ఉండబోతోందో తనకి తెలిసిపోయేది. అప్పుడు దానికి ఏడేళ్లు. ఎక్కాలు ఐదు దాకానే వచ్చు. ఈ లెక్క మాత్రం ఎప్పుడూ తప్పేది కాదు. ఆ ఏడాది ప్రోగ్రెస్ కార్డులో 'క్లాసులో పరధ్యానంగా ఉంటోంది' అని రాశారు. మేం ట్యూషన్ పెట్టించాం.

ఒక రోజు తెల్లవారుజామున ఒక బ్యాగుతో, పాపతో జొన్నాడలో బస్సు దిగాను. ఇప్పుడు చాలామంది "ఎంత ధైర్యం అమ్మా నీకు!" అంటుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే అందులో వరుస తప్పు. ఆడదానికి ముందు ధైర్యం రావాలి, తర్వాత బయటికి రావాలి, ఆ తర్వాత నలుగురూ ఆదుకుంటారు అనుకుంటాం. నా విషయంలో అలా జరగలేదు. ఆ రోజు నేను ధైర్యంతో రాలేదు, భయంతో వచ్చాను. ముందు నలుగురు మనుషులు దొరికారు. ధైర్యం ఆ తర్వాత, చాలా మెల్లగా వచ్చింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. ఇది నిజమైతే, మన చుట్టూ ఉన్న ఒక ఆడమనిషికి ధైర్యం రావడం, రాకపోవడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. మన చేతిలో కూడా ఉంది.

పుట్టింటికి వచ్చిన మొదటి నెల నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. "ఎన్నాళ్లుంటావు?" "అల్లుడుగారు రాలేదా?" "అంత కోపం రావడానికి నువ్వేం అన్నావు?" "ఆడపిల్లని పెట్టుకుని ఎలా?" అడిగినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. అందరూ నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లే. కానీ ప్రతి ప్రశ్నకీ సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనే. దెబ్బలు తిన్నదాన్ని నేను, తప్పు చేసినట్టు నిలబడ్డదాన్నీ నేనే. కొన్నాళ్లకి వీధిలోకి వెళ్లడం మానేశాను.

అప్పుడు పక్కింటి పిన్నిగారు ఒక జాకెట్టు పట్టుకుని వచ్చారు. "ఏమ్మా, ఇది చంకల్లో బిగుతైపోయింది, కాస్త విప్పి పెడతావా?" అన్నారు. ఇంకేమీ అడగలేదు. అమ్మ పాత కుట్టుమిషన్ దుమ్ము దులిపి కూర్చున్నాను. మర్నాడు ఇంకో రెండు జాకెట్లు తెచ్చారు. వారం తిరిగేసరికి చీరకి ఫాల్ కుట్టమని వాళ్ల వదినగారు వచ్చారు. పిన్నిగారికి వేరే టైలర్ దొరకక కాదని నాకు చాలా రోజుల తర్వాత గాని అర్థం కాలేదు. ఆవిడ నాకు సలహా ఇవ్వలేదు. పని ఇచ్చారు. నేను ఇంకా పనికొస్తానని గుర్తు చేశారు.

ఆ పిన్నిగారే నన్ను డ్వాక్రా మీటింగుకి తీసుకెళ్లారు. ఒక సభ్యురాలు ఊరు మారడంతో గ్రూపులో ఖాళీ ఉంది. డిగ్రీ చదివానని తెలిసి మినిట్స్ పుస్తకం నా చేతిలో పెట్టారు. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి అప్పు ఎన్ని వాయిదాలు మిగిలింది, ఈ నెల ఏం తీర్మానించాం, అన్నీ రాసి చదివి వినిపించాలి. మొదటిసారి చదివినప్పుడు నా గొంతు వణికింది. నాలుగో నెలకి వణకలేదు. ధైర్యం అంటే నాకు తెలిసింది ఇదే.

ఆ తర్వాత గృహహింస చట్టం కింద కోర్టులో దరఖాస్తు పెట్టాను. మొదటి వాయిదాకి గ్రూపులో ఇద్దరు పని మానుకుని నాతో వచ్చారు. వాళ్లకి చట్టం తెలియదు. చెట్టు కింద కూర్చుని, మధ్యాహ్నం డబ్బాలో తెచ్చిన పులిహోర నాకు పెట్టి, సాయంత్రం నాతోపాటు బస్సెక్కారు. ఆ రోజు అవతలి వైపు నుంచి పదిమంది వచ్చారు. నా వైపు ముగ్గురం ఉన్నాం. 'నేను' కాదు, 'ముగ్గురం'. ఆ తేడా నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. మన తెలుగునాట ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడి జరిగేది. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చునేవారు. కూలి డబ్బులు సారా కొట్టుకి పోవడం, రాత్రికి దెబ్బలు తినడం వాళ్లలో చాలామందికి మామూలే. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు అది నా ఖర్మ అనిపిస్తుంది. బడిలో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటే ఆ ఖర్మ అందరి ఇళ్లలోనూ ఒకేలా ఉందని తెలుస్తుంది. దూబగుంట రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్ల కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై ఇతర ఊళ్ల రాత్రి బళ్లకి చేరింది. 1992లో అది రాష్ట్రమంతా పాకిన ఉద్యమమైంది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాని నిషేధించింది.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం ఎక్కువ కాలం నిలవలేదని మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. నిజమే. కానీ ఆ ఉద్యమం తర్వాత నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకుంటూ 'పొదుపు లక్ష్మి' గ్రూపులు పెట్టుకున్నారు. నిషేధం పోయింది, గ్రూపులు మిగిలాయి. ఇవాళ మన ఊళ్లలో ఉన్న పొదుపు సంఘాలకి ఆ రోజుల బలం కూడా తోడుంది. రోశమ్మ గారూ, ఆమె తోటివాళ్లూ ధైర్యవంతులు కాబట్టి కలిశారని చెప్పుకుంటాం. రాత్రి బడిలో కలిసి కూర్చున్నారు కాబట్టే ధైర్యవంతులయ్యారని నా నమ్మకం.

మరి ఇన్ని గ్రూపులు ఉన్నాక కూడా ఈ విషయం మన మధ్య ఎందుకు వినిపించదు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 30 శాతం మంది భర్త నుంచి హింస ఎదుర్కొన్నవాళ్లే. అంటే పదిమందిలో ముగ్గురు. వచ్చే పేరెంట్స్ మీటింగులో లైన్లో నిలబడినప్పుడు ఈ లెక్క ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దేశం మొత్తం మీద హింసకి గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరికీ చెప్పలేదు, ఎవరి సహాయమూ కోరలేదు. ఎందుకు చెప్పలేదో అదే సర్వేలోని ఇంకో అంకె చెబుతుంది. అత్తమామల్ని గౌరవించకపోతేనో, ఇంటినీ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోతేనో, ఇలా ఏదో ఒక కారణానికి భర్త భార్యని కొట్టడం సరేనని మన రాష్ట్రంలో పదిమంది ఆడవాళ్లలో ఎనిమిది మందికి పైగా అన్నారు. మగవాళ్లు కాదండీ, ఆడవాళ్లు. అంటే దెబ్బ తిన్న ఆమె తలుపు తీసుకుని బయటికి వస్తే, ఎదురయ్యే పదిమంది ఆడవాళ్లలో ఎనిమిది మంది "నువ్వేం చేశావు?" అని అడిగేవాళ్లే. అది తెలిసే ఆమె తలుపు తీయదు.

మన గోదావరి వాళ్లకి ఒక అలవాటుంది. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు చూశాం కదా. కోనసీమలో లంక గ్రామాలు నీట మునిగితే పడవలు వెళ్లాయి, అన్నం పొట్లాలు వెళ్లాయి, పునరావాస కేంద్రాల్లో పిల్లలకి పాలు వెళ్లాయి. పడవ ఎక్కుతున్న మనిషిని "ఏటి మధ్యలో ఇల్లెందుకు కట్టుకున్నావు?" అని ఎవరైనా అడిగారా? "కొంచెం సర్దుకో, నీళ్లు తీస్తాయి" అని ఒడ్డున నిలబడి సలహా ఇచ్చారా? ముందు చెయ్యి అందించాం. మిగతావి ఒడ్డుకి చేరాక చూసుకున్నాం. ఇంట్లో వచ్చే వరదకి కూడా అదే మర్యాద ఇవ్వమని నేను అడుగుతున్నాను.

"కాపురం అన్నాక మాటామాటా వస్తాయి, చిన్న విషయాలకే విడిపోతే పిల్లలు ఏమైపోతారు?" అని మీలో కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందరూ ఇల్లు వదిలేయాలని నేను అనడం లేదు. ఉండాలా, వెళ్లాలా అన్నది ఆమె నిర్ణయం. మనం తొందరపెట్టకూడదు కూడా. ఇల్లు వదిలే రోజుల్లోనే ఆమెకి ప్రమాదం ఎక్కువ, జాగ్రత్తగా ఏర్పాటు చేసుకోవాలి. కానీ మాటామాటా రావడం వేరు, ఒక మనిషి ఇంకో మనిషికి భయపడి బతకడం వేరు. పిల్లల కోసం నేను ఏడేళ్లు సర్దుకున్నాను. ఆ ఏడేళ్లలో మా పాప నేర్చుకున్నది బండి స్టాండు లెక్క. పిల్లలు మనం చెప్పింది వినరు, మనం బతికే తీరు చూసి నేర్చుకుంటారు. ఆడపిల్ల భరించడం నేర్చుకుంటుంది, మగపిల్లాడు చెయ్యెత్తడం నేర్చుకుంటాడు. ఏ ట్యూషనూ దీన్ని సరిచేయలేదు.

చట్టం గురించి నాకు ఆలస్యంగా తెలిసిన కొన్ని విషయాలు మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉంది. కొట్టడం ఒక్కటే కాదు, తిట్టి అవమానించడం, లైంగికంగా బాధించడం, ఇంటి ఖర్చులకి డబ్బు ఇవ్వకుండా ఇబ్బంది పెట్టడం కూడా దీని కింద హింసే. భార్యే కానక్కర్లేదు, ఒకే ఇంట్లో ఉన్న తల్లి, అక్కచెల్లెళ్లు కూడా ఆశ్రయించవచ్చు. ఆ ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు, ఖర్చులకి డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ కోర్టు ఇప్పించగలదు. కేసు వేయడానికి అత్తవారి ఊరు వెళ్లనక్కర్లేదు. తాను ప్రస్తుతం ఉంటున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టులోనే వేయవచ్చు. స్త్రీలకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. నా కేసు చట్టంలో రాసినంత వేగంగా నడవలేదు. అందుకే పక్కన మనుషులు కావాలి అంటున్నాను.

మనందరికీ సంబంధించిన మాట ఇంకొకటి అదే చట్టంలో ఉంది. ఒక ఇంట్లో హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే, ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ ఉండదు. పక్కింటివాళ్లు కావచ్చు, టీచర్ కావచ్చు, తోటి పేరెంట్ కావచ్చు. 'వాళ్ల ఇంటి విషయం మనకెందుకు' అనే మాటకి చట్టం ఎప్పుడో తలుపు మూసింది. మనమే ఇంకా తెరిచి ఉంచాం.

తల్లిదండ్రులుగా మనం చేయగలిగినవి పెద్ద పనులు కావు.

ఎవరైనా చెప్పుకోవడం మొదలుపెడితే మధ్యలో ఆపకండి. "ఎందుకు?" అని అడిగే ముందు "తిన్నావా? ఇవాళ రాత్రి ఎక్కడ ఉంటావు?" అని అడగండి. ఆమె చెప్పింది మీ దగ్గరే ఉంచండి. క్లాస్ వాట్సాప్ గ్రూపు దాకా రానివ్వకండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్ల జిరాక్సులు మీ బీరువాలో దాచమంటే దాచండి. వాయిదా రోజున వాళ్ల పిల్లల్ని మీ పిల్లలతోపాటు ఇంటికి తెచ్చుకుని ఒక ముద్ద పెట్టండి. పని ఉంటే పని ఇవ్వండి. మాట సహాయం కంటే అది ఎక్కువ.

స్కూలు వారికి కూడా ఒక విన్నపం. పిల్లలందరి ముందు "మీ నాన్నగారు రాలేదా?" అని అడగకండి. ప్రోగ్రెస్ కార్డు మీద తల్లి సంతకం చాలని క్లాసులో చెప్పండి. పిల్లని ఎవరికి అప్పగించాలో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో మార్చుకునే అవకాశం తల్లికి ఏడాది మధ్యలో కూడా ఉంచండి. ఉన్నట్టుండి మార్కులు తగ్గిన పిల్లని తిట్టే ముందు ఐదు నిమిషాలు విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. ఏడాది మధ్యలో ఊరు మారాల్సి వచ్చిన తల్లులకి ఒక మాట. ఎనిమిదో తరగతి వరకు, టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిలో ప్రవేశం ఆపకూడదని 2009 విద్యా హక్కు చట్టం చెబుతోంది. బడి పోతుందేమోనన్న భయంతో ఆగిపోనక్కర్లేదు.

నాన్నగార్లకి కూడా ఒక మాట. మీలో ఎక్కువమంది చెయ్యెత్తేవాళ్లు కాదని నాకు తెలుసు. కానీ మీ స్నేహితుల్లో, మీ తమ్ముళ్లలో అలాంటివారు ఉంటే వారికి అర్థమయ్యేలా చెప్పగలిగింది మేం కాదు, మీరు. "అలా చేయడం తప్పురా" అని ఒక మగవాడు చెబితే ఆ మాట వేరుగా వినిపిస్తుంది.

చివరగా, ఈ పేజీని ఎవరూ చూడకుండా చదువుతున్న అమ్మకి. అమ్మా, ధైర్యం వచ్చాక చూద్దాం అని ఆగకండి. అది ఒంటరిగా ఉన్న చోటికి రాదు. ముందు ఒక్క మనిషికి చెప్పండి. అక్కకో, పక్కింటి పిన్నికో, క్లాస్ టీచర్‌కో. ఎవరూ లేరనిపిస్తే 181కి ఫోన్ చేయండి. అది మహిళల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పలుకుతుంది. ఇప్పటికిప్పుడు ప్రాణభయం ఉంటే 112. పిల్లల కోసం 1098. ఉచిత న్యాయ సలహాకి 15100. ఫోన్ చేసిన తర్వాత కాల్ లిస్టులోంచి నంబరు తీసేయండి. మొదటి మనిషి సరిగ్గా వినకపోతే రెండో మనిషికి చెప్పండి. నాకు వినిపించుకున్నది మొదటి మనిషి కాదు.

ఈ మధ్య ఒక నెల మా గ్రూపు మీటింగు అయిపోయాక ఒక అమ్మాయి వెళ్లకుండా గుమ్మం దగ్గర నిలబడిపోయింది. మినిట్స్ పుస్తకం మూసి, పక్కన చాప చూపించాను. నేనేమీ అడగలేదు. పిన్నిగారి దగ్గర నేర్చుకున్నది అదే. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

మొన్న రాత్రి పాప సోషల్ చదువుకుంటోంది. వీధిలో ఎవరిదో బండి వచ్చి ఆగింది, స్టాండు గట్టిగా పడింది. నా ప్రాణం ఒక్క క్షణం ఆగింది. పాప తలెత్తలేదు. పేజీ తిప్పి, "అమ్మా, డెల్టా అంటే మన ఊరి పక్కదేనా?" అని అడిగింది.

అవునన్నాను.

— జొన్నాడ నుంచి ఒక తల్లి